ఢాకా మాస్టారి రీడర్లు

మైకేల్ వెస్ట్ 1912లో ఇండియన్ ఎడ్యుకేషన్ సర్వీసులో చేరి బెంగాల్ వచ్చారు. తర్వాత ఢాకా టీచర్స్ ట్రెయినింగ్ కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. ఏళ్ల తరబడి ఇంగ్లీషు క్లాసులో కూర్చున్న పిల్లలు చూడని పుస్తకం చేతికిస్తే తడుముకోవడం ఆయన్ను ఆలోచనలో పడేసింది.

పైగా చాలామంది పిల్లలు చదువు పూర్తికాకుండానే బడి మానేసేవారు. బీమా పాలసీ మధ్యలో ఆపేసినా సరెండర్ వాల్యూ కింద ఎంతోకొంత చేతికొస్తుంది. మరి బడి మానేసిన పిల్లవాడికి ఇంగ్లీషు వల్ల మిగిలేదేమిటి? ఈ ప్రశ్న వేసింది వెస్టే. మాట్లాడటం కంటే ముందు చదవడం నేర్పితే, ఎంత నేర్చుకుంటే అంతా పనికొస్తుందని 1926లో వెలువడిన 'బైలింగ్వలిజం' గ్రంథంలో వాదించారు.

అప్పటి రీడర్లను పరిశీలిస్తే లోపం ఎక్కడుందో తెలిసింది. పేజీ నిండా కొత్త మాటలే. అవీ వాడుకలో లేని, కావ్యాలకే పరిమితమైన మాటలు. ఒకసారి కనిపించి మళ్లీ కనిపించవు. వెస్ట్ తన 'న్యూ మెథడ్' రీడర్లలో అరుదైన మాటలు తీసేసి వాడుక మాటలు పెట్టారు, కొత్తవాటిని ఎడం ఎడంగా ప్రవేశపెట్టారు, వచ్చిన మాట మళ్లీ మళ్లీ ఎదురయ్యేలా చూశారు. ప్రశ్నలను పాఠానికి ముందే ఇచ్చారు. దాంతో పిల్లలు జవాబు కోసం వెతుక్కుంటూ మౌనంగా చదివేవారు.

మాటల్లో ఈ పొదుపును ఆయన నిఘంటువుకూ తెచ్చారు. ఎండికాట్ అనే సహరచయితతో కలిసి 1935లో తెచ్చిన నిఘంటువులో సుమారు 24 వేల మాటలకూ నుడికారాలకూ 1,490 మాటలతోనే అర్థాలు చెప్పారు. 1953లో ఆయన తెచ్చిన వాడుక మాటల పట్టిక 'జనరల్ సర్వీస్ లిస్ట్'లో దాదాపు రెండు వేల మాటలున్నాయి.

మాట్లాడటాన్ని వెనక్కి నెట్టారన్న విమర్శ వెస్ట్ మీద ఉంది, అందులో నిజమూ ఉంది. చదవడానికి ఒక పని ఉండాలన్న ఆలోచన మాత్రం నిలిచింది. 1979–84 మధ్య ఎన్.ఎస్. ప్రభు ఇంగ్లీషు బోధనలో ప్రయోగంగా నడిపిన బెంగళూరు ప్రాజెక్టులో పిల్లలు మ్యాపులు, రైల్వే టైంటేబుళ్లు చదివి లెక్కలు తేల్చేవారు. వాక్యానికి అర్థం అప్పజెప్పడం కాదు, ఏ రైలు ఎక్కాలో చెప్పాలి.

మన బడుల్లో ఇప్పటికీ పాఠం మొత్తం టీచరే తెలుగులో చెప్పేయడం, జవాబులు గైడులోంచి దింపుకోవడం మామూలే. టీచర్లు వచ్చే పాఠానికి ప్రశ్నలు ముందే బోర్డు మీద రాసి, పిల్లల్ని కాసేపు మౌనంగా చదవనివ్వాలి. దీనికి కొత్త సిలబస్సూ అక్కర్లేదు, పైసా ఖర్చూ లేదు.