గూడ్సు షెడ్డు గుమాస్తా లెక్క: చైనా బండి ముందుకు, మన బండి లూప్ లైనులో



పోయిన సర్వసభ్య సమావేశంలో, భోజనాల పంక్తిలో, రసం వడ్డించేటప్పుడు మన పిల్లవాడొకడు అన్నాడు: "చైనాలో మాదిరి ఒక్కడి చేతిలో పెట్టేస్తే మనమూ పదేళ్ళలో ఎక్కడికో పోతాం మామా. ఈ ఎలక్షన్లే మనకు శని." పంక్తిలో నలుగురు తల ఊపారు. మేము ఊపలేదు, కానీ జవాబు చెప్పడానికి అప్పుడు మాట రాలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాము. మేము చదివింది తమిళ మీడియంలో, తెలుగు రాత ఇంట్లో అమ్మ దగ్గర నేర్చినది. తప్పులుంటే మన్నించాలి.

మాకు తెలిసిన లెక్క రైలు లెక్క. దాంతోనే మొదలు పెడతాము.

1950-51లో మన దేశంలో రైలు దారి 53 వేల కిలోమీటర్లకు పైన ఉండింది. 1949లో చైనా చేతికి వచ్చిన రైలు దారి సుమారు 22 వేల కిలోమీటర్లు, అదీ యుద్ధాల్లో చితికిపోయినది. అంటే పందెం మొదలయ్యేటప్పుడు రెండింతల కన్నా ముందున్నవాళ్ళం మనమే. ఇప్పుడు వాళ్ళది లక్షా యాభై వేలు దాటింది, మనది డెబ్బై వేల లోపే. డబ్బు లెక్కా అంతే. 1990లో తలసరి ఆదాయం రెండు దేశాలకూ ఇంచుమించు ఒకటే, డాలర్లలో మూడు వందల చిల్లర. 2023లో వాళ్ళది పన్నెండు వేలు దాటింది, మనది రెండున్నర వేల దగ్గర ఉంది.

ఇంకో జత చూడండి. బీజింగ్ నుంచి షాంఘైకి వేగ రైలు దారి 1,318 కిలోమీటర్లు. 2008 ఏప్రిల్‌లో పని మొదలు, 2011 జూన్ 30న బండి నడిచింది. మన తూర్పు సరుకు రవాణా కారిడార్, లూధియానా దగ్గర నుంచి బీహార్‌లో సోన్‌నగర్ దాకా, 1,337 కిలోమీటర్లు. దానికోసం కంపెనీ పెట్టింది 2006లో. మొదటి పెద్ద ముక్క, 351 కిలోమీటర్లు, తెరిచింది 2020 డిసెంబర్‌లో. మొత్తం పూర్తయ్యేసరికి 2023. భూమి తీసుకోవడం, పరిహారం, కోర్టు కేసులు, కాంట్రాక్టులు, అన్నిటిలో ఆగి ఆగి వచ్చింది.

ఇంతవరకు ఆ పిల్లవాడి మాటే గెలిచినట్టు ఉంది కదా? కొంచెం ఓపిక పట్టండి.

చైనాలో ఒక్కడి చేతిలో అధికారం 1949 నుంచీ ఉంది. మరి 1978 దాకా ఎందుకు ఎదగలేదు? ఎదగకపోవడం ఒక్కటేనా, 1959 నుంచి 1961 దాకా వచ్చిన కరువులో జనం కోట్లలో చచ్చిపోయారు. తక్కువ అంచనా వేసేవాళ్ళే కోటిన్నర అంటారు. ధాన్యం పండలేదని కాదు మొదటి కారణం. కింది అధికారులు పైవాళ్ళకు భయపడి, మెప్పు కోసం, పండని ధాన్యాన్ని పండినట్టు లెక్క రాశారు. పైవాళ్ళు ఆ లెక్క ప్రకారం ధాన్యం లాగేసుకున్నారు. "ఈ లెక్క తప్పు" అని రాసే పత్రిక లేదు, అడిగే ప్రతిపక్షం లేదు. స్టాకు రిజిస్టరు దొంగగా రాస్తే ఏమవుతుందో గోడౌనులో పని చేసినవాళ్ళకు తెలుసు. అక్కడ రిజిస్టరే దేశం.

1978 డిసెంబర్ తర్వాత మారింది ఏమంటే, అధికారం ఒక్కడి చేతి నుంచి కొంచెం కిందికి దిగింది. పొలం కుటుంబాలకు కౌలు మాదిరి ఇచ్చారు. 1980లో షెన్‌జెన్ లాంటి నాలుగు చోట్ల ప్రత్యేక మండలాలు పెట్టారు. మా మనసుకు పట్టింది ఇంకొకటి. అదే ఏడాది రాష్ట్రాల వరుమానం పద్ధతి మార్చారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు, ఎవరి పొయ్యి మీద వాళ్ళు వండుకు తినడం. మన భాషలో వేరు కాపురం. ఊళ్ళో ఫ్యాక్టరీ వస్తే పన్నులో వాటా ఆ ఊరి పాలకులకే మిగులుతుంది, దాంతో వాళ్ళే రోడ్డు వేస్తారు. ఆ ఊరు ఎదిగితే ఆ అధికారికి ప్రమోషన్. ఎదగకపోతే వాడు అక్కడే కూర్చోవాలి.

మనకు అదే కాలంలో ఏముండింది? 1951 చట్టం కింద పెద్ద పరిశ్రమ ఏది పెట్టాలన్నా, ఉన్నదాన్ని పెంచాలన్నా ఢిల్లీ లైసెన్సు. జిల్లా కలెక్టరుకు ఫ్యాక్టరీ వచ్చినా అదే జీతం, రాకపోయినా అదే జీతం. మునిసిపాలిటీకి అధికారం కాగితం మీదకు వచ్చిందే 1992 రాజ్యాంగ సవరణతో, డబ్బు మాత్రం ఇప్పటికీ పైనుంచి రావాలి. మేము గూడ్సు షెడ్డులో ఉన్నప్పుడు వ్యాపారి ఇండెంటు ఇచ్చి వ్యాగను కోసం రోజుల తరబడి కాచుకునేవాడు. రోజూ వచ్చి కిటికీ దగ్గర నిలబడి, "వచ్చిందా సార్?" అని అడిగేవాడు. ఇచ్చే అధికారం మా దగ్గర లేదు, మా పై ఆఫీసరు దగ్గరా లేదు. వ్యాగను రాకపోతే నష్టం ఆ వ్యాపారికే, మాలో ఎవరికీ పైసా నష్టం లేదు. ఆయన తర్వాత లారీ పెట్టుకున్నాడు. 1950ల మొదట్లో దేశం సరుకులో నూటికి ఎనభై పాళ్ళకు పైగా రైలు మోసేది, ఇప్పుడు మూడో వంతు కూడా లేదు. ప్యాసింజరు చార్జీ పెంచితే ఓటు పోతుందని సరుకు మీద వేసి సరిపెట్టారు. సరుకుకు ఓటు లేదు, చెప్పకుండా లారీ ఎక్కి వెళ్ళిపోయింది.

ఇప్పుడు మన సంఘానికి కొంచెం చేదుగా ఉండే మాట. కోయంబత్తూరు మిల్లులు, ఫౌండ్రీలు, పంపుసెట్లు అంటే మనవాళ్ళ తెలివి అని ప్రతి మీటింగులో చెప్పుకుంటాం. నిజమే, 1937లో దేశంలో మొదటి ఎలక్ట్రిక్ మోటారు చేసినది జి.డి.నాయుడు గారు, డి.బాలసుందరం గారు. కానీ 1932లో పైకారా కరెంటు రాకపోయి ఉంటే? అది సర్కారు కట్టినది. తర్వాత 1950ల నుంచి రవాణా చార్జీ సమానం చేసే విధానం వచ్చింది. జంషెడ్‌పూర్ ఇనుము, ఉక్కు జంషెడ్‌పూర్ పక్కన కొన్నా, వెయ్యి మైళ్ళ అవతల మన దగ్గర కొన్నా ఒకటే ధర. మన ఫౌండ్రీలకు అది వరం. గని పక్కనే ఉన్న బీహార్‌కు మాత్రం ఉన్న ఒక్క లాభం పోయింది. మన పత్తికి అలాంటి సమానం ఎవరూ పెట్టలేదు. 1990ల మొదట్లో ఉక్కుకు అది ఎత్తేశారు, అప్పటికి బీహార్ నలభై ఏళ్ళు పోగొట్టుకుంది. అక్కడి పిల్లలు ఈరోజు తిరుప్పూరులో, కోయంబత్తూరులో మన దగ్గర కూలికి వస్తే "వాళ్ళకు తెలివి లేదు" అని మనలో కొందరు అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా మాకు ఆ రేటు పుస్తకం కళ్ళ ముందుకు వస్తుంది.

ఇక ఆ పిల్లవాడి శనికి వద్దాం. 1991 జూన్‌లో పి.వి.నరసింహారావు గారు ప్రధాని అయ్యేటప్పుడు ఆయనకు లోక్‌సభలో మెజారిటీ లేదు. విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతికి మాత్రమే సరిపోయేటంత ఉండింది, బంగారం కుదువ పెట్టవలసి వచ్చింది. పరిశ్రమల శాఖ ఆయన తన దగ్గరే పెట్టుకున్నారు. జూలై 24న, ముందు కొత్త పరిశ్రమల విధానం, సాయంత్రం మన్మోహన్ సింగ్ గారి బడ్జెట్. 18 పరిశ్రమలు తప్ప మిగతా అన్నిటికీ లైసెన్సు రద్దు. నలభై ఏళ్ళ చిక్కుముడి, ఒక మైనారిటీ ప్రభుత్వం, ఒక నెల. ఎలక్షన్లు ఆయన చేతిని పట్టుకోలేదు కదా! అప్పటిదాకా పట్టుకున్నది ఫైలు, ఆ ఫైలు మీద బతికేవాళ్ళు.

అడ్డు లేని వేగానికి ఖర్చు ఏమిటో కూడా చెప్పాలి. చైనాలో 2011 జూలై 23న వెన్‌జౌ దగ్గర వేగ రైళ్ళు గుద్దుకుని 40 మంది చనిపోయారు. ఆ దారులన్నీ పరుగున వేయించిన రైల్వే మంత్రి లియు జిజున్‌ను అంతకు ముందే అవినీతి కింద తీసేశారు, 2013లో శిక్ష పడింది, ఆ మంత్రిత్వ శాఖనే ఎత్తేశారు. 1994లో పన్నులో పెద్ద వాటా ఢిల్లీ మాదిరి బీజింగ్ తీసేసుకున్నాక, ఊళ్ళ పాలకులు భూమి అమ్మి, అప్పు చేసి కట్టడం మొదలు పెట్టారు. ఆ అప్పు ఇప్పుడు వాళ్ళ మెడ మీద ఉంది.

కాబట్టి ఆ అబ్బాయికి మా జవాబు ఇది: నువ్వు చైనా దగ్గర అడగవలసింది ఆ ఒక్కడిని కాదు నాయనా. మన ఊరి కమిషనరుకు డబ్బు, అధికారం, చేయకపోతే నష్టం, ఈ మూడూ ఉన్నాయా అని అడుగు. వచ్చే మీటింగులో పంక్తిలో మా పక్కన కూర్చో, మిగతాది మాట్లాడుకుందాం.

ఫౌండ్రీ కుటుంబాల వాళ్ళ ఇళ్ళలో 1960లు, 70ల నాటి ఇనుము బిల్లులు, పాత రైల్వే రసీదులు ఉంటే ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. ధర ఎంత పడిందో, ఏ స్టేషన్ నుంచి వచ్చిందో చూడాలని ఉంది. చెదలు తినక ముందే వెతకండి.