సాక్ష్యమునకు తేదీ కావలెను

విజయవాడవద్ద కృష్ణానదిపై ఆనకట్ట 1855లో పూర్తి అయినది. దాదాపు నూరేండ్లు డెల్టా పొలములకు నీరందించిన ఆ కట్టడమునకు 1952లో గండిపడినది. దాని స్థానమున నిర్మించిన ప్రకాశం బ్యారేజి 1957లో వాడుకలోనికి వచ్చినది. ఆనకట్ట రోజులలో పనిచేసిన ఉద్యోగి ఒకరు, “నది ఇంత ఎత్తునకు రాగానే ఇట్లు చేయవలెను” అని ఒక పుస్తకములో వ్రాసిపెట్టినారనుకొందము. ఆ మాట ఆనాటికి నిజమే. తలుపులు ఎత్తి దించు నేటి బ్యారేజికి అది పనికిరాదు. పాటించితే ప్రమాదము కూడ. అట్లని ఆ పుస్తకమును చింపివేయవచ్చునా? వరదల చరిత్ర వ్రాయువారికి అదియే ఆధారము కదా!

ఇటువంటి చిక్కే కంప్యూటర్ల విషయములోను కలదు. అయితే అక్కడ మాట పాతబడుటకు నూరేండ్లు పట్టదు. ఐదారేండ్లు చాలును, ఒక్కొక్కప్పుడు వారము రోజులే చాలును.

కంప్యూటరులో మనము వాడు ప్రతి ప్రోగ్రాము తనంతట తాను పనిచేయలేదు. ఫైలు తెరువుము, అక్షరమును తెరపై చూపుము, కాగితముపై అచ్చువేయుము అని అది అడుగడుగునా నిర్వహణ వ్యవస్థను కోరుతుంది. విండోస్ కొరకు వ్రాసిన ప్రోగ్రాము అడుగు భాష లినక్స్‌కు తెలియదు. అందుచేత విండోస్ చేయు సేవలను లినక్స్‌మీద చేసిపెట్టుటకై 1993లో కొందరు “వైన్” అను ప్రోగ్రామును ఆరంభించినారు. 1994 నుండి అలెగ్జాండర్ జూలియార్ దీనికి నాయకత్వము వహించినారు. దాని 1.0 ప్రతి వెలువడుటకు 2008 జూన్ వరకు, అనగా పదునైదేండ్లు పట్టినది.

ఏ ప్రోగ్రాము వైన్‌మీద ఎంతవరకు పనిచేయునో ఎవరికి తెలియును? వాడి చూచినవారికే తెలియును. కనుక వాడుకరులే తమ అనుభవములను వ్రాయుటకు ఒక పెద్ద పట్టిక ఏర్పడినది. అందులో ప్రోగ్రాములకు ప్లాటినం, బంగారము, వెండి, కంచు, చెత్త అని ఐదు తరగతులు. పరీక్షించినవారు ఏ వైన్ ప్రతిమీద, ఏ లినక్స్‌మీద చూచినారో చెప్పవలెను. ఇంతవరకు ఇది మంచి ప్రయోగశాల పుస్తకము వంటిది.

చిక్కంతయు పరీక్షల క్రింద చేరిన వ్యాఖ్యలతో వచ్చినది. ఒకరు “నాకు పనిచేయలేదు” అని వ్రాసెదరు. ఏ ప్రతిమీదనో చెప్పరు. మరియొకరు “అమరికల ఫైలులో ఈ పంక్తి చేర్చండి” అని సలహా ఇచ్చెదరు. వైన్ అమరికలను ఒక ఫైలులో వ్రాసుకొను పద్ధతి 2005లో పోయినది. ఆ సలహా మాత్రము పోలేదు. తరువాత వచ్చినవాడు లేని ఫైలును వెదకుచు పూట గడిపి, తప్పు తనదే అనుకొనును. ఈ పట్టికను కాపాడు స్వచ్ఛంద సేవకుల పనిలో ఒక భాగము ఇట్టి వ్యాఖ్యలను ఏరివేయుటయే.

ఇది మనకు దూరపు విషయమని తోచవచ్చును. కాని తెలుగు అక్షరము కంప్యూటరులోనికి వచ్చిన చరిత్ర నిండ ఇదే కథ.

విజయవాడ ప్రచురణకు పేరుపొందిన ఊరు. ఇక్కడి అక్షరకూర్పు గదులలో పేజిమేకరుపై, అను వంటి ఫాంటులతో కూర్చిన తెలుగు పుస్తకములు లెక్కకు మిక్కిలి. ఆ కాలపు ఫాంటులలో ఏ సంఖ్యకు ఏ అక్షరము అనునది తయారుచేసినవారి ఇష్టము. ఒక ఫాంటుతో కూర్చిన పుటను వేరొక ఫాంటుతో తెరచినచో వాక్యము గందరగోళమగును. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి ప్రతి ప్రపంచ లిపులన్నిటికి ఒకే సంఖ్యాక్రమము నిర్ణయింపబూనినది. అందులో తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పితోపాటు గౌతమి అను యూనికోడ్ ఫాంటు లభించినది.

ఫాంటు ఉన్నంత మాత్రాన చాలదు. ఒత్తులు, గుణింతములు సరిగా కూడుటకు ఎక్స్‌పిలో భాషా ఎంపికలు తెరచి, సంక్లిష్ట లిపుల గడిలో గుర్తుపెట్టి, విండోస్ డిస్కును యంత్రములో ఉంచవలసియుండెడిది. 2007లో విస్టా రాగానే ఈ శ్రమ తప్పినది. ఇప్పుడు ఆ పాత సూచనను ఏమి చేయవలెను? కొత్త యంత్రము గలవానికి అది వ్యర్థము. కాని దివిసీమలోని ఏ పాఠశాలలోనో ఎక్స్‌పి యంత్రము ఒకటి మిగిలియున్నచో, ఆ విద్యార్థికి నేటికిని అదే సరియైన సలహా! సలహా పాతబడునది వయస్సుచేత కాదు, పరిస్థితి మారుటచేత. ఆ పరిస్థితి ఏదో సలహాలోనే వ్రాసియున్నచో అది ఎన్నటికిని అబద్ధము కాదు.

వ్రాయనిచో ఏమగునో 2018 ఫిబ్రవరిలో చూచినాము. “జ్ఞా” అను మన అక్షరమును, మధ్యలో కంటికి కనిపించని ఒక విభజన సంకేతముతో కూర్చి పంపినచో, ఐఫోనులోని సందేశముల ప్రోగ్రాము ఆగిపోవుచుండెను. “తెలుగు అక్షరమున్న సందేశము తెరువకండి” అను హెచ్చరిక ప్రపంచమంతట వ్యాపించినది. ఆ నెల 19వ తేదీన ఆపిల్ సంస్థ 11.2.6 ప్రతితో దోషమును సరిదిద్దినది. దోషము అక్షరముది కాదు, దానిని చూపవలసిన ప్రోగ్రాముది. అయినను తేదీ, ప్రతిసంఖ్య లేని హెచ్చరిక ఎక్కడనైన మిగిలియున్నచో, జ్ఞానమను మాటలోని మొదటి అక్షరమే ప్రమాదకరమని దానిని చదివినవాడు నమ్మును. కాలము చెల్లిన మాటవలన ఒక లిపికే అపకీర్తి రావచ్చును.

అయితే పాత వ్యాఖ్యలన్నిటిని తుడిచివేయుటయా, ఉంచుటయా? తుడిచివేసినచో చరిత్ర పోవును. పాత యంత్రము గలవారికి దారి మూసుకొనును. ఉన్నవి ఉన్నట్లు వదలినచో కొత్తవారు దారి తప్పుదురు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా మూడవ మార్గము చూపుచున్నది. దాని దశాబ్ది ఉత్సవములు 2014 ఫిబ్రవరిలో విజయవాడలోనే జరిగినవి. అందులో పాఠకునికి ఎదురుగా కనిపించునది తాజా పాఠము. దానికి ముందరి పాఠములు తేదీలతోసహా వెనుక చరిత్ర పుటలో భద్రముగా ఉండును. ముందు వరుసలో నేటి మాట, వెనుక అరలో నిన్నటి మాట, రెండింటికిని తేదీ. ఇక ఏ పరిస్థితిని తెలుపని “పనిచేయలేదు” వంటి మాట ఏ అరకును చెందదు. దానిని తొలగించుటవలన నష్టము లేదు.

భౌతికశాస్త్ర ప్రయోగములో నీరు ఎంత వేడివద్ద మరిగినదో వ్రాసి, ఆనాటి వాయుపీడనము వ్రాయనిచో ఉపాధ్యాయుడు మార్కులు తగ్గించును. కంప్యూటరును గురించిన మాటకును అదే నియమము. మీ పాఠశాల కంప్యూటరు గది గోడపై అంటించిన సూచనల కాగితమును ఒకసారి విద్యార్థులచేత చదివించండి. దానిని ఎప్పుడు వ్రాసినారు, ఏ యంత్రమునకు, ఏ ప్రతికి వ్రాసినారు అని అడుగండి. జవాబు దొరికినచో కాగితముపై వ్రాయించండి. దొరకనిచో, ఆ సూచనను యంత్రముమీద మరల పరీక్షించి, ఫలితమును నేటి తేదీతో వ్రాయుట వారికి మంచి ప్రయోగము కాగలదు.