దెబ్బల లెక్క ఎంతవరకు నమ్మదగినది?



2022 మే 19న ఇస్తాంబుల్‌లో నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ ప్రపంచ బాక్సింగ్ విజేతగా నిలిచినప్పుడు ఫలితాన్ని 5–0గా ప్రకటించారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనా బాక్సర్ వూ యు చేతిలో ఆమె ఓడినప్పుడూ అదే 5–0 కనిపించింది. ఆ అంకెను చూసి ఒకరు ఐదు దెబ్బలు కొట్టారనీ, రెండవవారు ఒక్కటీ కొట్టలేకపోయారనీ పొరబడే అవకాశం ఉంది. నిజానికి అది దెబ్బల లెక్క కాదు. బరి చుట్టూ కూర్చున్న ఐదుగురు న్యాయనిర్ణేతలూ ఒకరినే విజేతగా ఎంచారని మాత్రమే దాని అర్థం.

అయితే ఒలింపిక్ బాక్సింగ్‌లో అంకె అంటే దెబ్బల లెక్కే అయిన కాలం ఒకటి ఉండేది. ఆ పద్ధతి ఎందుకు వచ్చిందో, ఎందుకు పోయిందో తెలుసుకోవడం ఆటల అభిమానులకే కాదు, ఆరోగ్యం గురించి ఆలోచించేవారికి కూడా అవసరం.

కథ 1988 సియోల్ ఒలింపిక్స్‌తో మొదలవుతుంది. ఫైనల్‌లో అమెరికాకు చెందిన రాయ్ జోన్స్ జూనియర్, ఆతిథ్య దేశమైన దక్షిణ కొరియాకు చెందిన పార్క్ సి హున్‌తో తలపడ్డాడు. అమెరికన్ టెలివిజన్ సంస్థ ఎన్‌బీసీ లెక్క ప్రకారం జోన్స్ 86 దెబ్బలు తగిలించగా, పార్క్ తగిలించినవి 32 మాత్రమే. అయినా 3–2 తేడాతో స్వర్ణం పార్క్‌కు దక్కింది. ప్రపంచమంతా విస్తుపోయింది. మనుషుల అభిప్రాయం కన్నా యంత్రం లెక్క మేలన్న వాదానికి బలం చేకూరింది.

దాంతో 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో కంప్యూటర్ పద్ధతి ప్రవేశించింది. ఐదుగురు న్యాయనిర్ణేతల ముందు మీటలు ఉంటాయి. దెబ్బ సరిగ్గా తగిలిందని తోచినప్పుడు ఆ బాక్సర్‌కు చెందిన మీట నొక్కాలి. ఒక్క సెకను వ్యవధిలో కనీసం ముగ్గురు నొక్కితేనే ఒక పాయింటు. వినడానికి ఇది పక్కాగా ఉన్నా, అక్కడే తిరకాసు బయటపడింది. అమెరికన్ బాక్సర్ ఎరిక్ గ్రిఫిన్ స్పెయిన్‌కు చెందిన రఫాయెల్ లొజానో చేతిలో 5–6తో ఓడిపోయాడు. తరువాత విడివిడిగా చూస్తే, ఐదుగురు న్యాయనిర్ణేతలూ గ్రిఫిన్‌కే ఎక్కువ దెబ్బలు నమోదు చేసి ఉన్నారు! వారి వేళ్లు ఒకే క్షణంలో కలవకపోవడం వల్ల ఆ దెబ్బలలో అనేకం పాయింట్లుగా మారలేదు. యంత్రం తప్పు కూడలేదు. దానికి అప్పగించిన నియమమే అటువంటిది.

మన దేశానికీ ఈ లెక్కల చేదు తెలుసు. 2000 సిడ్నీ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్‌లో గురుచరణ్ సింగ్ 12–12తో సమంగా నిలిచి, న్యాయనిర్ణేతలు నొక్కిన మీటల మొత్తాన్ని తిరిగి లెక్కించినప్పుడు ఉక్రెయిన్ బాక్సర్‌కు విజయాన్ని వదులుకోవలసి వచ్చింది. పతకం గడప దాకా వచ్చి వెనుదిరిగింది. చివరకు 2013లో ఈ పద్ధతికి స్వస్తి చెప్పి, ప్రతి రౌండ్‌లో మెరుగైన బాక్సర్‌కు 10 పాయింట్లు ఇచ్చే విధానాన్ని తెచ్చారు. వివాదాలు మాత్రం ఆగలేదు.

వృత్తి బాక్సింగ్‌లో టెలివిజన్ తెరపై కనిపించే గణాంకాల చరిత్ర వేరు. కంప్యూబాక్స్ అనే సంస్థ 1985 నుంచి వాటిని అందిస్తోంది. ఆ పేరు చూసి యంత్రమే దెబ్బలను పసిగడుతుందని అనుకోకండి. బరి పక్కన ఇద్దరు మనుషులు కూర్చుంటారు. ఒక్కొక్కరు ఒక్కో బాక్సర్‌ను గమనిస్తూ నాలుగు మీటలు నొక్కుతారు: ముందు చేతితో సూటిగా విసిరే జాబ్ తగిలింది, జాబ్ తప్పింది, ఇతర దెబ్బ తగిలింది, ఇతర దెబ్బ తప్పింది. జాబ్ కానిదంతా 'పవర్ పంచ్' కిందకే వస్తుంది, అందులో బలం ఉన్నా లేకపోయినా. గ్లవ్స్ మీద పడినదీ, చెంపను రాసుకుపోయినదీ, ప్రత్యర్థి వీపు అడ్డు రావడంతో కనిపించనిదీ రెప్పపాటులో తేల్చవలసింది మనిషి కన్నే. పైగా ఈ లెక్కతో న్యాయనిర్ణేతలకు సంబంధం లేదు.

అలాగని ఈ గణాంకాలన్నీ వృథా అనలేము. 2015లో మేవెదర్ 435 దెబ్బలు విసిరి 148 తగిలించాడనీ, పాకియావ్ 429 విసిరి 81 తగిలించాడనీ కంప్యూబాక్స్ లెక్క తేల్చింది. పది పదిహేను అటూ ఇటూ అయినా ఎవరు ఎక్కువ తగిలించారన్న విషయం మారదు. సియోల్‌లోని 86–32 కూడా అంతే. కానీ 6–5 వంటి తేడా లెక్కించేవారి పొరపాటు పరిధిలోనే ఉంటుంది. పెద్ద తేడాను నమ్మవచ్చు, చిన్న తేడాపై తీర్పు నిలబెట్టరాదు.

వైద్యంలోనూ ఇదే సూత్రం. రక్తపోటు రీడింగులను పరిశీలిస్తే సున్నాతో ముగిసేవి అసహజంగా ఎక్కువగా ఉంటాయి. చూసేవారు దగ్గరి అంకెకు సర్దేయడమే కారణం. కాబట్టి 138ని, 140ని రెండు వేరు జబ్బులుగా చూడకూడదు.

ఇంకొక పరిమితి ఉంది, నా దృష్టిలో అదే ముఖ్యమైనది. గుంటూరు మిర్చి యార్డులో రెండు టిక్కీలు ఒకే బరువు తూగినా, తేజ రకానికి ఒక ధర, తాలు కాయలకు మరో ధర. పత్తి అమ్మే ప్రకాశం రైతుకు కాటా ఒక్కటే చాలదు, తేమ శాతం కూడా చూస్తారు. దెబ్బల లెక్క కాటా వంటిది. ఎన్ని తగిలాయో చెబుతుంది కానీ, తల ఎంత విసురుగా తిరిగిందో, మెదడు పుర్రెలో ఎంతగా కదిలిందో చెప్పదు.

1928లోనే అమెరికన్ వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్ పదేపదే తలకు దెబ్బలు తిన్న బాక్సర్లలో కనిపించే తడబాటును, మందకొడితనాన్ని వైద్య పత్రికలో వర్ణించాడు. 1982లో రే మాన్సినీతో పోరులో 14వ రౌండ్‌లో కుప్పకూలిన కొరియా బాక్సర్ కిమ్ డుక్ కూ కొద్ది రోజులకే మరణించాడు. ఆ తరువాతనే ప్రపంచ టైటిల్ పోరాటాలను 15 రౌండ్ల నుంచి 12కు తగ్గించడం మొదలైంది.

మీ పిల్లలు బాక్సింగ్ నేర్చుకుంటున్నారా? సంతోషం, మాన్పించమని చెప్పను. కానీ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. తెర మీది గణాంకాలు పోటీలో తగిలిన దెబ్బలవే. రోజువారీ సాధనలో జోడీతో తలపడినప్పుడు తగిలేవాటిని ఎవరూ లెక్కించరు, మెదడు మాత్రం వాటిని మినహాయించదు. వారానికి ఎన్ని రౌండ్లు అలా తలపడుతున్నారో, వాటిలో తలకు గట్టి దెబ్బ ఎప్పుడు తగిలిందో శిక్షకుణ్ణి అడిగి ఒక పుస్తకంలో రాసి ఉంచండి. దెబ్బ తరువాత తలనొప్పి, వాంతులు, మగత, తికమక, చూపు మసకబారడం వంటివి కనిపిస్తే ఆ రోజే ఆట ఆపించి వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. వైద్యుడు సరేననే దాకా బరిలోకి పంపవద్దు. పతకాల లెక్క తరువాత చూసుకోవచ్చు.