మూత మీది నిప్పు

పిజ్జా అనే మాట మొదట కనబడేది వంటపుస్తకంలో కాదు, కౌలు పత్రంలో. ఇటలీలో రోముకూ నేపుల్స్‌కూ నడుమ గయేటా అని ఒక సముద్రతీర పట్నం ఉంది. అక్కడ క్రీ.శ. 997లో రాసుకున్న లాటిన్ దస్తావేజు ప్రకారం, ఆస్తిని కౌలుకు పుచ్చుకున్నవాడు బిషప్పుగారికి క్రిస్మస్ నాడు పన్నెండు పిజ్జాలు, వాటితో కొంత పందిమాంసం ఇచ్చుకోవాలి. ఈస్టరు నాడు మళ్లీ పన్నెండు పిజ్జాలు, ఒక జత కోళ్లు. టొమాటో ఊసు లేదు. ఉండే వీలూ లేదు, ఆ పండు అమెరికా ఖండం దాటి రావడానికి అప్పటికి ఇంకా అయిదువందల ఏళ్లు ఉంది. కౌలు గింజలతోపాటు పండగ పూట కోడిపుంజునూ అందుకున్న పెన్నా డెల్టా భూస్వాములకు ఈ షరతు ఏమంత వింతగా తోచదు. ఆ పెన్నా ఒడ్డు నెల్లూరులోనే స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గా ఉంది. బారా అంటే పన్నెండు, అక్కడి వీరుల సమాధులు పన్నెండు. మొహర్రం నెలలో చెరువు నీళ్లలో దిగి జనం రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె. కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు, తీరినవాళ్లు మరుసటేడు తెచ్చి ఇస్తారు. ఆ పన్నెండుకూ ఈ పన్నెండుకూ చుట్టరికం కలిపితే ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. కానీ వరి తప్ప గోధుమ ఎరగని నేల మీద కూడా రొట్టె బాకీగా, మొక్కుగా చేతులు మారుతోందంటే, పలచని రొట్టెను పరాయి సరుకనడం చెల్లదు.

మరి పిజ్జాలో పరాయిది ఏమిటి? పైన చల్లే జున్నూ టొమాటోలూ అనుకుంటారు చాలామంది. అది పొరపాటు. పిజ్జాను పిజ్జా చేసేది పైన వేసే సరుకు కాదు, పైనుంచి దిగే వేడి. నేపుల్స్ పద్ధతిలో కట్టెల మంట గుమ్మటం లోపల ఒక పక్కన మండుతుంది. ఆ సెగకు ఇటుక నేల అడుగునుంచి పిండిని కాలుస్తుంది, గుమ్మటం తాను తాగిన వేడిని పైనుంచి తిరిగి కక్కుతుంది. వేడి 450 డిగ్రీలు దాటితే 60 నుంచి 90 సెకన్లలో పని అయిపోతుంది, అంచు పొంగి అక్కడక్కడా నల్లమచ్చలు పడతాయి. ఇంట్లో కరెంటు ఓవెన్ 250 దగ్గర ఆగిపోతుంది కాబట్టి అందులో పిజ్జా పది నిమిషాలు ఉడికి, ఎండి, బిస్కట్టుకు దగ్గరవుతుంది. ఆరుబయట మట్టి పొయ్యి కట్టుకునేవాళ్ల పట్టుదలకు కారణం ఇదే. ఈ రెండువైపుల నిప్పు మాత్రం తెలుగు వంటకు కొత్త కాదన్నదే నా వాదన. దిబ్బరొట్టె సంగతి గుర్తు తెచ్చుకోండి. మినప్పిండిలో బియ్యపు రవ్వ కలిపి, నూనె పోసిన మందపాటి గిన్నెలో రెండంగుళాల మందాన పోసి, కింద కణికల మీద పెట్టి, పైన మూత వేసి ఆ మూత మీద మళ్లీ కణికలు పరిచేవారు. కింది పొర పెళుసుగా ఎర్రబడేలోగా పైపొరా కాలేది, నడిమి భాగం ఇడ్లీలా మెత్తగా ఉండిపోయేది. తిరగేసే పని లేదు. గ్యాసు వచ్చాక మూత మీది నిప్పు పోయింది. ఇప్పుడు మంట తగ్గించి, మూత పెట్టి, మధ్యలో అట్లకాడతో తిప్పి కాలుస్తున్నారు. అది దిబ్బరొట్టె పేరుతో బతుకుతున్న మందపాటి అట్టు.

దిబ్బరొట్టె గోదావరి జిల్లాలదే, నెల్లూరికి దాన్ని అంటగట్టడమేమిటని ఎవరైనా అడగవచ్చు. నిజమే, గోదావరి వాళ్లు దాన్ని తమదంటారు, పాకం పోసుకుని మరీ తింటారు. నెల్లూరికి సొంతమైంది కారం దోశ. కానీ నేను మాట్లాడుతున్నది వంటకం గురించి కాదు, కిటుకు గురించి. ఆ కిటుకు తెలిసిన జనం గుమ్మటం దాకా ఎందుకు పోలేదన్నదే అసలు ప్రశ్న. నిప్పును నాలుగు గోడల మధ్య బంధించడం చేతకాక కాదు. కుమ్మరి ఆములో కుండలు కాల్చాడు. పెన్నా ఒండ్రుతో ఇటుక బట్టీలు పేర్చారు. పులికాట్ సరస్సు గుల్లలను బట్టీలో కాల్చి సున్నం తీశారు. మట్టినీ ఇటుకనూ గుల్లనూ కాల్చినవాళ్లు పిండిని మాత్రం కాల్చలేదు.

కారణం బియ్యం. గోధుమ పిండిని తడిపి మర్దిస్తే సాగే గుణం వస్తుంది, పులిసినప్పుడు పుట్టే గాలిని పట్టి ఉంచుతుంది. బియ్యప్పిండికి ఆ గుణం లేదు. దాన్ని పొడి సెగలో పెడితే పగిలి ఊరుకుంటుంది. దానికి కావలసింది ఆవిరి, లేదా నూనె రాసిన పెనం. అందుకే ఇడ్లీ, అందుకే దోశ. పొయ్యి ఆకారాన్ని నిర్ణయించేది పొలం. దీనికి రోమను నాణేలే సాక్ష్యం. 1790లో అచ్చయిన ఏషియాటిక్ రిసెర్చెస్ రెండో సంపుటంలో మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ డేవిడ్సన్ ఉత్తరం ఒకటి ఉంది. నెల్లూరు దగ్గర ఒక రైతు రాళ్లగుట్ట పక్కన దున్నుతుంటే నాగలి ఇటుకలకు తగిలిందట. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద ఒక ముంత, ముంత నిండా రోమను బంగారు నాణేలు. పాపం, పాత బంగారం ధరకు అమ్మేశాడు. చాలావరకు కరిగిపోయాయి. ఆర్కాటు నవాబు కొడుకు అమీరుల్ ఉమరా ముప్ఫైకి పైగా సంపాదించాడు. ట్రేజన్, హాడ్రియన్ చక్రవర్తుల నాణేలు, ఫాస్టినా రాణి బొమ్మవి. కొన్ని నిన్న టంకశాల నుంచి వచ్చినట్టు మెరుస్తున్నాయని, కొన్నిటికి చిల్లులు ఉన్నాయని ఆ ఉత్తరం చెబుతుంది. (రొట్టెల పండుగ కథలో కూడా ఆర్కాటు నవాబే వస్తాడు. జబ్బుపడ్డ బేగానికి సమాధుల దగ్గరి మట్టితో నయమైందని ఆ ఐతిహ్యం. నెల్లూరులో ఏ కథ తవ్వినా ఆర్కాటు తగులుతుంది.) ట్రేజన్ గద్దెనెక్కడానికి దాదాపు ఇరవై ఏళ్ల ముందే, 79లో, వెసూవియస్ బూడిద కింద పాంపేయి పూడిపోయింది. ఆ ఊళ్లో ఒక రొట్టెల అంగడి గుమ్మటపు పొయ్యిలో 81 రొట్టెలు బొగ్గయి అలాగే దొరికాయి. అంటే ఆ పొయ్యి రోమనులకు నిత్యవ్యవహారం. అయినా ఆ దేశపు బంగారం నెల్లూరు దాకా వచ్చింది గానీ బట్టీ రాలేదు. వచ్చి ఏం చేస్తుంది? అందులో కాల్చడానికి ఇక్కడ పండేది ఏమీ లేదు.

ఇంకో కారణం చెప్పుకోవడానికి అంత రుచిగా ఉండదు. గుమ్మటం వేడెక్కడానికి గంటా రెండు గంటల మంట కావాలి. రెండు రొట్టెల కోసం అంత కట్టె తగలెయ్యడం దండగ, ఊరంతటి పిండీ ఒకచోట చేరితేనే గిట్టుబాటు. ఐరోపా పల్లెల్లో ఊరుమ్మడి పొయ్యి ఉండేది, పంజాబులో ఉమ్మడి తందూరు ఉండేది. ఒకరి నిప్పు మీద మరొకరు వండుకోని, ఒకరి చేతి నీళ్లు మరొకరు తాగని ఊళ్లలో అలాంటి పొయ్యి ఎలా పుడుతుంది? మడి పంక్తిని కాపాడిందో లేదో గానీ ఉమ్మడి పొయ్యిని పుట్టనివ్వలేదు. తర్వాత బేకరీలు వచ్చినప్పుడు వాటి ముందు మొదట నిలబడింది ముస్లిములూ క్రైస్తవులూ కావడం యాదృచ్ఛికం కాదు.

గోధుమ రొట్టె అవసరం ఈ తీరానికి ఓడల్లో దిగింది. పులికాట్‌లో మొదట పోర్చుగీసువాళ్లు, 1613 నాటికి గెల్డ్రియా కోట కట్టుకున్న డచ్చివాళ్లు. వాళ్లకు కాస్త ఉత్తరాన దుగరాజపట్నంలో 1626లో ఇంగ్లీషువాళ్లు. మచిలీపట్నంలో గోలకొండ అధికారుల ఒత్తిడీ డచ్చివాళ్ల పోటీ పడలేక అక్కడికి వచ్చారు, సాయపడిన ఆర్ముగం మొదలియారు పేరు మీద ఆ చోటును అర్మగాన్ అన్నారు. రెండేళ్లు తిరిగేసరికి అక్కడ ఇరవైముగ్గురు మనుషులు, చుట్టూ ఫిరంగులు, అవీ పన్నెండే. కోరమాండల్ తీరంలో ఇంగ్లీషువాళ్ల మొదటి కోట అది. దాని పెద్ద ఫ్రాన్సిస్ డే గుడ్డల బేరం బాగా సాగడం లేదని దక్షిణంగా వెళ్లి 1639లో మద్రాసపట్నం సంపాదించాడు. ఆయన కాస్త ఓపిక పట్టి ఉంటే మహానగరం నెల్లూరు సీమలో ఉండేదన్న ఊహ చాలామందికి ఇష్టం, నాకు మాత్రం కాదు. నగరం పోయినా సరస్సు మిగిలింది, శీతాకాలం కొంగలూ ఎర్రకాళ్ల రాజహంసలూ మిగిలాయి. దుగరాజపట్నం ఇప్పుడు 2022 జిల్లాల విభజనతో తిరుపతి జిల్లాలో చేరిన చిన్న ఊరు.

ఈ తెల్లవాళ్ల రొట్టెను పొంగించింది తాటి, ఈత, కొబ్బరి కల్లు. చల్లటి దేశాల్లో బీరు పులియబెట్టే చోట దొరికే పులుపు ఇక్కడ లేదు. గోవాలో పోర్చుగీసు రొట్టెలవాళ్లు కల్లునే మేల్కొలుపుగా వాడారు, తూర్పు తీరమూ అదే దారి పట్టింది. తెల్లారుజామున దింపిన కల్లులో బతికున్న ఈస్టు నురగ కక్కుతూ ఉంటుంది. దాన్ని పిండిలో కలిపితే పూటలో పిండి రెట్టింపవుతుంది, మధ్యాహ్నం దాటితే కల్లూ పుల్లబడుతుంది, పిండీ పుల్లబడుతుంది. మద్రాసులో 1878లో వైవర్న్ అనే కలంపేరుతో కలినరీ జాటింగ్స్ రాసిన కర్నల్ కెన్నీ-హెర్బర్ట్ ఇంటి రొట్టెకు బేకింగ్ పౌడరును మెచ్చుకున్నాడు. శుభ్రత విషయంలో ఆయనతో వాదించలేం గానీ రుచి విషయంలో వాదించవచ్చు. పొడి డబ్బా గెలిచింది, తర్వాత కంపెనీ ఈస్టు గెలిచింది, తాటిచెట్టు ఇచ్చిన ఆ పులుపు వాసన రొట్టెలోంచి శాశ్వతంగా పోయింది. కల్లు కలిసిందన్న కారణంగానే డబుల్ రొట్టెను ముట్టని ఇళ్లుండేవి, కల్లు మానేశాక అవే ఇళ్లు జ్వరమొస్తే పాలల్లో ముంచుకుని తినసాగాయి.

అదే 1878లో, ధాతు కరువు పనుల కింద తవ్వి కలిపిన ఉప్పునీటి కాలువకు గవర్నరు బకింగ్‌హామ్ పేరు పెట్టారు. 1806లో ఎన్నూరు దాకా కోక్రేన్ కాలువగా మొదలైంది అప్పటికి పులికాట్ దాటి, కృష్ణపట్నం దాటి, పెదగంజాం వైపు సాగింది. పడవల్లో ఉప్పు వెళ్లేది, శ్రీహరికోట అడవి నుంచి మద్రాసుకు వంటచెరకు వెళ్లేది. ఆనాడు నగరానికి పొయ్యికట్టె పంపిన ఆ దీవి 1971 నుంచి రాకెట్లకు నిప్పు పెడుతోంది. ఇసుక నేలల్లో సరుగుడు తోటలు లేచాయి. ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా తీరాల చెట్టు అది, మన ఉప్పుగాలిలో ఇక్కడే పుట్టినట్టు పెరిగింది. గట్టి కట్టె, నిలకడైన సెగ, తక్కువ బూడిద. బట్టీవాడు కోరుకునేవన్నీ ఈ మూడే. కూలికి కరువు మనుషులు, కట్టెకు కొత్త చెట్టు, పులుపుకు కల్లు, గోధుమ రైల్లో. గుమ్మటపు పొయ్యికి కావలసిన సరంజామా అంతా ఒక తరంలో ఈ తీరాన పోగుపడింది. ఫలితంగా వచ్చింది బన్ను.

నేపుల్స్ కథ అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా సరిపెడతాను. టొమాటో వచ్చి పేదవాళ్ల రొట్టె మీద కూర్చుంది. 1889లో మార్గరిటా రాణి కోసం రఫాయెల్ ఎస్పొసీతో అనే వంటవాడు పిజ్జా చేశాడన్న కథకు ఆధారంగా చూపే ఉత్తరం మీద చరిత్రకారులకు అనుమానాలున్నాయి. 2017లో యునెస్కో నేపుల్స్ పిజ్జా విద్యను వారసత్వంగా గుర్తించింది. మన దేశానికి 1996లో రెండు అమెరికా కంపెనీలు తమ పిజ్జా తెచ్చాయి, కదిలే ఇనుప జాలీ మీద, గ్యాసు సెగలో కాల్చి. మన పిల్లలకు తెలిసిన పిజ్జా నిప్పు ముఖం చూడనిది.

ఇప్పుడు మైపాడు వైపు తోటల్లోనో కోవూరు పెరట్లోనో ఎవరైనా ఆరుబయట గుమ్మటం కట్టుకుంటే, అది పట్నం షోకని తీసిపారేసేవాళ్లుంటారు. గ్యాసుండగా పొగెందుకు, కట్టె దండగ కాదా అన్న ప్రశ్న న్యాయమైనదే. పిజ్జా ఒక్కటీ కాల్చి పొయ్యి ఆర్పేస్తే నిజంగానే దండగ. కానీ గుమ్మటం వేడి పూట పొడుగునా మెల్లగా దిగుతుంది. మొదట పిజ్జా, రొయ్యలతో. వనామీ చెరువుల సీమలో పైన చల్లడానికి పుట్టగొడుగులు వెతుక్కోవడం దేనికి? తర్వాత బన్ను, ఆ తర్వాత చిలగడదుంపలు, చివరికి రాత్రంతా ఒక కుండ పాలు. పాల దాలి ఎరిగినవాళ్లకు ఆ చివరి వేడి విలువ చెప్పనక్కర్లేదు. పైగా ఆ పొయ్యికి కావలసినవేవీ ఓడలో రావాల్సిన పని లేదు. ఇటుక ఊరి బట్టీది, మెత్తని బంకమట్టి, ఇసుక, తరిగిన వరిగడ్డి, సరుగుడు కట్టె. సిమెంటు వద్దు, ఆ సెగకు పగులుతుంది. ఇనుప తలుపు ఉప్పుగాలికి తుప్పు పడుతుంది, చెక్కపలక తడిపి అడ్డం పెడితే చాలు. నోరు సముద్రపు గాలికి ఎదురుగా ఉండకూడదు. లోపలి కప్పు మొదట మసితో నల్లబడుతుంది, సెగ హెచ్చాక ఆ మసి తానే కాలిపోయి ఇటుక తెల్లగా తేలుతుంది. అదే గుర్తు, థర్మామీటరు కంటే నమ్మదగింది. కణికలు పక్కకు నెట్టి, నేల తడిగుడ్డతో ఒకసారి తుడిచి, చిటికెడు రవ్వ చల్లితే రెండుమూడు సెకన్లలో గోధుమరంగుకు తిరగాలి. వెంటనే నల్లబడితే కాసేపు ఆగండి.

కట్టుకున్నవాళ్లకు ఒక మనవి. పిజ్జా అయ్యాక వేడి సగానికి దిగినప్పుడు మందపాటి గిన్నెలో మినప్పిండి పోసి మూత లేకుండా లోపలికి తోయండి. తిరగేయకండి. కొత్త పొయ్యికి మాత్రం మొదటి వారం చితుకుల మంటే పెట్టండి. తడి ఆరకముందు పెద్ద మంట పెడితే గుమ్మటం నెర్రెలిస్తుంది.