సంతకం తర్వాత

మన జన్వాడలో పొదుపు సంఘం తెలియని ఇల్లు లేదు. 1982లో వచ్చిన డ్వాక్రా పథకం దీనికి పునాది. ఊపిరి పోసింది మాత్రం నెల్లూరు జిల్లా రాత్రిబడులు. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. సారాను తరిమిన సీతమ్మ కథ ఆ బడుల వాచకంలో ఉంది. అది చదివిన దూబగుంట ఆడవాళ్లు తమ ఊళ్లో సారా అమ్మనివ్వమని నిలబడ్డారు. వాళ్లను ముందుండి నడిపిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1993లో సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగిలింది, రోజుకో రూపాయి దాచే పొదుపులక్ష్మి సంఘాలు లేచాయి. చదువు వెంటే డబ్బు నడిచిందనడానికి నాకు ఇంతకంటే గట్టి సాక్ష్యం కనబడదు.

1992లో నాబార్డు సంఘాలను బ్యాంకులతో కలిపింది. తాకట్టు లేని అప్పుకు బ్యాంకు చూసేది సంఘం పుస్తకాలనే: తీర్మానాలు, పొదుపు, అప్పుల ఖాతా. పదివేలు బయట నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి 3,600 కట్టాలి. అదే సంఘం అప్పు నూటికి రూపాయి అయితే 1,200. మిగిలే 2,400 ఒక బిడ్డ బట్టలకు, పుస్తకాలకు అక్కరకొస్తుంది. ఈ లెక్క తనే వేసుకోగలిగిన అక్కను వడ్డీవ్యాపారి మాటలతో మాయ చేయలేడు.

నన్ను బాధపెట్టేది ఒకటుంది. చాలా సంఘాల్లో చదువుకున్న ఒక్క అమ్మాయే అందరి పుస్తకాలూ రాస్తుంది, మిగతావాళ్లు చూపినచోట సంతకం పెడతారు. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణ మగవాళ్లలో అక్షరాస్యులు నూటికి 75 మంది, ఆడవాళ్లలో 58 మందే. ఆ 58లో సంతకంతో ఆగినవాళ్లెందరో!

మన దిక్కు ఈ చదవలేకపోవడం చిన్న సంగతి కాదు. గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పూలు తీసుకుపోయిన తల్లి తక్‌పట్టీలో (అమ్మకపు చీటీలో) తూకం, ధర, కమీషన్, హమాలీ సరిచూసుకోవాలి. భూమి సంగతి ఇంకా పెద్దది. చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి చుట్టూ ఎకరం ధర చూస్తున్నాం కదా. హిందూ ఆడబిడ్డలకు పిత్రార్జితంలో సమాన హక్కు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, అప్పటికి పెళ్లికానివాళ్లకు, 1986 చట్టంతోనే వచ్చింది, దేశమంతటికీ 2005లో. అయినా దస్తావేజు మీద వేలిముద్ర వేసేముందు సర్వే నంబరు, గుంటలు, హద్దులు చదవలేకపోతే ఆ హక్కు కాగితం మీదే ఉండిపోతుంది.

అందుకే అడుగుతున్నా: ప్రతి మీటింగులో తీర్మానాల పుస్తకం వంతులవారీగా ఒక్కో సభ్యురాలు పైకి చదవాలి. తడబడినా సరే, పక్కనున్న అక్క అందిస్తుంది.