పాటలు వచ్చాయి, పద్దు రాలేదు

ఈరోజు రాజులూ యుద్ధాలూ కాకుండా, మన ఇళ్ళల్లోనే జరిగిన ఒక చిన్న చరిత్ర చెప్పుకుందాం. పాత కంప్యూటర్ లోంచి కొత్త కంప్యూటర్ లోకి పాటలు మార్చుకోవడం గురించి. "ఇదీ చరిత్రేనా?" అని మీకు అనిపించవచ్చు. ముందు మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మా నాన్నగారికి పాత పాటలంటే ప్రాణం. రిటైరయ్యాక కంప్యూటర్ నేర్చుకుని, నాలుగు వేల పాటలు పోగేశారు. పొద్దున్న వినేవి ఒక లిస్టు, రాత్రి వినేవి ఒక లిస్టు, అమ్మకి నచ్చేవి ఒక లిస్టు. ఆయన పోయిన రెండేళ్ళకి ఆ కంప్యూటర్ మొరాయించడం మొదలుపెట్టింది. నేను పాటల ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకుని, పాతది పాత సామాన్లవాడికి ఇచ్చేశాను. కొత్త దాంట్లో తెరిచి చూస్తే నాలుగు వేల పాటలూ ఉన్నాయి. లిస్టులు లేవు. ఏ పాట ఎన్నిసార్లు విన్నారో ఆ లెక్క లేదు. అమ్మ "నా లిస్టు పెట్టరా" అంటే నా దగ్గర జవాబు లేదు.

తప్పు నాదే. కానీ ఆ తప్పు ఎందుకు జరిగిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

సీడీలో సంగీతం ఎలా ఉంటుందంటే, శబ్దాన్ని సెకనుకి 44,100 సార్లు కొలిచి ఆ అంకెలన్నీ రాసిపెడతారు. ఐదు నిమిషాల పాటకి సుమారు 53 ఎంబీ అవుతుంది. 1990ల మధ్యలో ఇంటి కంప్యూటర్ లో ఒక జీబీ హార్డ్ డిస్క్ ఉంటే గొప్ప. అందులో ఇంకేమీ పెట్టకపోయినా పట్టేది ఇరవై పాటల లోపే. అంటే పాటల్ని పోగుచేయడం అన్న మాటే లేదు.

దాన్ని మార్చింది జర్మనీలోని ఎర్లాంగెన్ లో ఫ్రౌన్‌హోఫర్ సంస్థ. కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బుర్గ్, ఆయన తోటివాళ్ళు పట్టుకున్న కిటుకు ఏమిటంటే, పెద్ద శబ్దం పక్కన ఉన్న చిన్న శబ్దాన్ని మన చెవి పట్టించుకోదు. పట్టించుకోనిదాన్ని దాచడం దేనికి? అలా తీసేస్తూ పోతే అదే పాట ఐదు ఎంబీల లోపుకి వచ్చింది. 1995 జూలై 14న ఆ ఫైళ్ళకి ఎంపీ3 అన్న తోక పేరు ఖాయం చేశారు. తర్వాత మన ఊళ్ళల్లో ఒక్క సీడీలో నూట యాభై పాటలు వచ్చాయంటే దీని చలవే.

పాట చిన్నదైంది సరే, దాని పేరు ఎక్కడ రాయాలి? 1996లో ఎరిక్ కెంప్ అనే ఆయన ఒక ఉపాయం చేశారు. ఫైలు చివర 128 బైట్ల చీటీ అతికించారు. దాని పేరు ఐడీ3. పాట పేరుకి 30 బైట్లు, పాడినవాళ్ళకి 30, ఆల్బమ్‌కి 30, సంవత్సరానికి 4, ఇలా. ఏ రకం సంగీతమో చెప్పడానికి 80 రకాల పట్టిక. అందులో పోల్కా ఉంది. మన కర్ణాటక సంగీతం లేదు.

ఇక్కడ మన కష్టం చూడండి. మన సినిమా పాటకి రాసినవారు, స్వరం కట్టినవారు, పాడినవారు, ఆపైన సినిమా. ఆ చీటీలో మనిషికి ఉన్న గది ఒక్కటే. పైగా అది ఇంగ్లీషు లాంటి యూరప్ లిపుల్ని దృష్టిలో పెట్టుకున్న చీటీ. ఇవాళ వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు వర్ణానికీ, గుణింతం గుర్తుకీ మూడేసి బైట్లు కావాలి. 30 బైట్లంటే పదే! 1998లో వచ్చిన రెండో రకం చీటీలో చోటు పెరిగింది, యూనికోడ్ వచ్చింది. కానీ అప్పటికే మనం పాటల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచిన స్పెల్లింగ్‌తో వాళ్ళం రాసేసుకున్నాం.

సరే, పాటా చీటీ ఒకే ఫైల్లో ఉంటాయి కాబట్టి కాపీ చేస్తే రెండూ వస్తాయి. మరి లిస్టులు? అవి పాటలో ఉండవు. సాఫ్ట్‌వేర్ విడిగా ఒక పద్దు పుస్తకం రాసుకుంటుంది. అందులో ఉండేది పాట కాదు, పాట చిరునామా. "డి డ్రైవ్ లో ఫలానా ఫోల్డర్ లో ఫలానా ఫైలు" అని. ఇల్లు మారాక పాత చిరునామాకి ఉత్తరం వేస్తే ఏమవుతుంది? అదే అవుతుంది. నేనైతే అసలు పద్దు పుస్తకాన్నే తెచ్చుకోలేదు. అది వేరే ఫోల్డర్ లో ఉంటుందని నాకు తెలియదు.

నాది అజ్ఞానం. డబ్బులిచ్చి కొనుక్కున్నవాళ్ళ కథ ఇంకా విచిత్రం. 2003 ఏప్రిల్ 28న ఆపిల్ సంస్థ అమెరికాలో ఐట్యూన్స్ స్టోర్ తెరిచింది. పాట 99 సెంట్లు. కానీ ప్రతి పాటకీ ఒక తాళం. మొదట మూడు కంప్యూటర్లలో, 2004 నుంచి ఐదింటిలో మాత్రమే పాడుతుంది. కొత్తది కొన్నప్పుడు పాతదాన్ని లెక్కలోంచి తీయించాలి. మర్చిపోయి దాన్ని పారేస్తే ఒక చోటు పోయినట్టే.

తాళంచెవి ఉండేది కంపెనీ సర్వర్ లో. మరి కంపెనీ కొట్టు కట్టేస్తే? 2008 ఏప్రిల్ లో మైక్రోసాఫ్ట్ తన ఎంఎస్ఎన్ మ్యూజిక్ ఖాతాదారులకి ఒక కబురు పంపింది. ఆగస్టు 31 తర్వాత కొత్త కంప్యూటర్‌కి తాళాలు ఇవ్వం అని. అంటే ఉన్న కంప్యూటర్ బతికినన్నాళ్ళే పాట బతుకు. జనం గగ్గోలు పెడితే గడువు 2011 దాకా పెంచారు. అదే ఏడు యాహూ కూడా కొట్టు మూసింది. కొనుక్కున్నాం అనుకున్నవాళ్ళకి, తాము అద్దెకున్నామని ఇల్లు మారే రోజున తెలిసింది. ఆ గొడవల తర్వాత, 2009 జనవరిలో ఆపిల్ తన పాటలకి తాళాలు తీసేస్తున్నట్టు ప్రకటించింది.

ఐట్యూన్స్ స్టోర్ మన దేశానికి వచ్చింది 2012లో. అప్పటికి తాళాల కాలం అయిపోయింది. మనవాళ్ళు సీడీలతో, పెన్ డ్రైవ్‌లతో కాలం గడిపేశారు. అందులో చట్టానికి నిలబడనివే ఎక్కువ, ఆ మాటా ఒప్పుకోవాలి.

పెద్ద కంపెనీ దగ్గర పెడితే భద్రమా? 2019 మార్చిలో మైస్పేస్ ఒప్పుకుంది: సర్వర్లు మార్చేటప్పుడు పన్నెండేళ్ళ పాటలు పోయాయని. ఐదు కోట్లకు పైగా పాటలని పత్రికలు రాశాయి. తర్వాత ఇంటర్నెట్ ఆర్కైవ్‌కి చేరింది సుమారు 4,90,000. అంటే నూటికి ఒకటి. నేను ఇంట్లో చేసిన పొరపాటే, వాళ్ళు ప్రపంచమంత చేశారు.

ఇప్పుడు ఆన్‌లైన్ లో పాట వినేవాళ్ళకి పాట పోతుందన్న బెంగ తక్కువే. కానీ పద్దు? మీ ఇరవై ఏళ్ళ ఇష్టాల లెక్క ఎవరి దగ్గరుంది? యాప్ మారితే అది మీతో వస్తుందా? ఒకసారి చూసుకోండి. పెద్దవాళ్ళ కంప్యూటర్ మారుస్తుంటే పాటలతో పాటు లిస్టుల్నీ బయటికి తీసి దాచండి. కొత్తదాంట్లో అమ్మ లిస్టు పాడేదాకా పాతది ఎవరికీ ఇవ్వకండి.

మా అమ్మ ఇప్పుడు ఒక నోటుబుక్కు పెట్టుకుంది. గుర్తొచ్చినప్పుడల్లా ఒక పాట పేరు రాస్తుంది. ఇప్పటికి ముప్ఫై ఏడు అయ్యాయి. నేను ఒక్కొక్కటీ వెతికి లిస్టులో వేస్తున్నాను.

మరో ఎపిసోడ్ లో కలుద్దాం. సెలవు.