కాలిన కారుకు లింకు డాక్యుమెంట్లు

2023 ఆగస్టు 18. నిజ శ్రావణంలో మొదటి శుక్రవారం. గచ్చిబౌలిలో మా బావమరిది ఫ్లాటు. వాడి భార్య అప్పుడే గడపకు పసుపు రాసి, ముగ్గు గిన్నె పట్టుకుని లేచింది. వాడు మాత్రం స్నానమైనా చెయ్యకుండా భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్నాడు. ఆఫీసు కాల్ అనుకున్నాను. మనకు తెల్లవారి ఏడంటే కాలిఫోర్నియాలో ముందురోజు సాయంత్రం ఆరున్నర. ఆ పన్నెండున్నర గంటల తేడా మాదాపూర్‌లో టీ కొట్టువాళ్లకు కూడా నోటికొచ్చు.

"కాల్ కాదు బావా, వేలం. మాంటెరేలో" అన్నాడు తల తిప్పకుండా.

తెర మీదకు వంగి చూశాను. నలిగిన ఇనుప గూడొకటి కనిపించింది. రేకులు కాలి ముడుచుకుపోయాయి, తుప్పు ఎర్రగా తేలింది. ముందేదో వెనకేదో పోల్చుకోవడానికే అర నిమిషం పట్టింది. ఎర్రగడ్డ ఆదివారం సంతలో పెడితే తూకానికి అడుగుతారు తప్ప కారని ఎవడూ అనడు.

"ఏంట్రా ఇది?"

"ఫెరారీ."

మామూలు ఫెరారీ కూడా కాదట. 500 మోండియల్, 1954 నాటిది. చాసిస్ నంబరు 0406 ఎం.డి. అల్బెర్టో అస్కారీ 1952లోనూ 1953లోనూ ఫెరారీ నడిపి వరసగా రెండుసార్లు ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ గౌరవానికి గుర్తుగా పెట్టిన పేరు మోండియల్. 500 అంటే ఒక్కో సిలిండరు సుమారు అయిదు వందల సీసీలని లెక్క. నాలుగు సిలిండర్లు, రెండు లీటర్ల ఇంజను. గీసినవాడు ఆరేలియో లాంప్రెడి. ఈ మోడల్లో తయారైన రెండో కారు ఇదేననీ, పినిన్ ఫరీనా వాళ్లు పై తొడుగు కట్టిన తొలి పదమూడు స్పైడర్లలో ఒకటనీ వేలంవారి కేటలాగు చెబుతోంది.

ఆ ఏడే మిల్లె మిల్యాలో, అంటే ఇటలీ రోడ్ల మీద వెయ్యి మైళ్లు సాగే పందెంలో, దీన్ని ఫ్రాంకో కోర్తేసే నడిపాడు. 1947లో ఫెరారీ కంపెనీకి మొట్టమొదటి గెలుపు తెచ్చిపెట్టింది కూడా ఆయనే. ఆయన చేతుల కింద ఈ కారు మొత్తం మీద పద్నాలుగోదిగా వచ్చింది. తర్వాత సముద్రం దాటి అమెరికా చేరింది. అక్కడ చాలామంది చేసిన పనే దీనికీ చేశారు: అసలు ఇంజను పీకేసి అమెరికన్ వీ8 దించారు. 1960లలో ప్రమాదం జరిగి కాలిపోయింది. 1978లో ఒక సేకర్త కొన్నాడు. కొని, బాగుచెయ్యలేదు, అమ్మలేదు. నలభై అయిదేళ్లు అలాగే ఉంచాడు. 2004లో ఫ్లారిడా మీద విరుచుకుపడ్డ చార్లీ తుఫాను ఆయన కార్లున్న షెడ్డును కూల్చేసింది. ఆ కూలిన కప్పు కింది నుంచి వచ్చిన ఇరవై ఫెరారీలకే ఆ రాత్రి మాంటెరేలో ఆర్.ఎం. సోథబీస్ వేలం. వెళ్లినవాళ్లు చెయ్యెత్తి పాడొచ్చు, వెళ్లలేనివాళ్లు ఫోనులోనో నెట్‌లోనో పాడొచ్చు.

మావాడు పాడడు లెండి. వాడి ఫ్లాటు ఈఎంఐలో ఇంకా పదకొండేళ్లు మిగిలాయి. వాడికి కావలసింది చిక్కుముడి. పక్కనే నోటుపుస్తకం, అందులో పట్టిక.

బాడీ: లేదనే అనుకోవాలి. ఇంజను: దీనిది కాదు. కొన్నవాడికి లాంప్రెడిదే మరో నాలుగు సిలిండర్ల ఇంజను ఇస్తున్నారు, 750 మొంజా మోడల్లో వాడిన మూడు లీటర్లది. గేర్‌బాక్సు: దీనిదే, నంబరు సరిపోయింది. చాసిస్: ఉంది, వంకర్లు పోయి.

"ఇందులో కారు ఏది బావా? అల్యూమినియం రేకు కొట్టి కొత్త బాడీ చేయిస్తారు. చాసిస్‌లో పాడైన గొట్టాలు కోసి కొత్తవి అతుకుతారు. చివరికి పాత ఇనుము ఎంత మిగులుతుంది? మా కోడ్‌లో అయితే ఒక్కో ఫైలూ తిరగరాసినా రిపాజిటరీ అదే, హిస్టరీ అదే. ఇక్కడ హిస్టరీ ఎక్కడుంది?"

వంటింట్లోంచి ఆ అమ్మాయి అంది: "అన్నయ్యగారూ, ధ్వజస్తంభానికి లోపలి మాను పుచ్చితే మారుస్తారు కదా. అయినా గుడి పాతదే అంటాం."

మాట బాగుంది. కానీ నాకు తోచిన పోలిక అంత పవిత్రమైనది కాదు. సరిగ్గా పదిహేను రోజుల కిందట, ఆగస్టు 3న, వాడి బాల్కనీలోంచి చూస్తే క్రేన్లు కనిపించే కోకాపేటలో హెచ్‌ఎండీఏ భూముల్ని ఆన్‌లైన్‌లో వేలం వేసింది. నియోపోలిస్ లేఅవుట్‌లో ఎకరం గరిష్ఠంగా 100 కోట్ల 75 లక్షలు పలికింది. ఆ నేలలో పాత నేల ఎంత ఉంది? బండలు పేల్చేశారు, గుట్టలు చదును చేశారు, గుంటలు పూడ్చారు. మేకలు కాసినవాడు ఇవాళ వచ్చి నిలబడితే తన చోటు పోల్చుకోలేడు. కదలనిది సర్వే నంబరొక్కటే. కొనేవాడు మట్టి వాసన చూడడు, లింకు డాక్యుమెంట్లు చూస్తాడు, ఆస్తి ఎవరి నుంచి ఎవరికి పోయిందో చెప్పే ముప్ఫయ్యేళ్ల ఈసీ తీయిస్తాడు. ఒక చేతి నుంచి ఇంకో చేతికి ఎక్కడా గొలుసు తెగకూడదు, అంతే.

"ఒరే, 0406 అనేది సర్వే నంబరు. కేటలాగులో నువ్వు చదువుతున్నది ఈసీ" అన్నాను. వాడు పెన్ను కింద పెట్టాడు. అతుకుల మెకానిక్కులకు మన బెజవాడ ఆటోనగర్‌లో మాత్రం కొదవా? 0406 ఎం.డి. అన్న అంకెకు వారసత్వం మాత్రం అక్కడ కొట్టించలేం. కొట్టిస్తే దాన్ని ఫోర్జరీ అంటారు.

తెర మీద అంకె ఎక్కుతూనే ఉంది. వేలంవారి అంచనా 12 నుంచి 16 లక్షల డాలర్లు. చివరికి కమిషన్‌తో కలిపి 18 లక్షల 75 వేల డాలర్లకు పోయింది. మన డబ్బులో పదిహేనున్నర కోట్లు. నేను కోకాపేట లెక్కలో వేశాను: ఆరు గుంటల నేల.

"తెస్తే దీన్ని ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసులో ఊహించుకో" అని మావాడు నవ్వడం మొదలుపెట్టాడు. తేవడమే కుదరదు. అప్పటి దిగుమతి నిబంధనల ప్రకారం వింటేజ్ కారు అనిపించుకోవాలంటే 1950కి ముందు తయారై ఉండాలి. సెకండ్ హ్యాండ్ కారుగా రావాలంటే మూడేళ్లు దాటకూడదు. ఈ కారు ఒక లెక్కకు పసిది, ఇంకో లెక్కకు ముసలిది. ఒకవేళ ఎలాగో వచ్చినా 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనలున్నాయి: యాభై ఏళ్లు దాటిన వాహనానికి వింటేజ్ రిజిస్ట్రేషన్, ఇరవై వేల రుసుం, నంబరులో 'వీఏ' అక్షరాలు. షరతేమిటంటే చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు. మూడింట్లో మనకున్నది ఒకటి, అదీ వంకర.

సుంకం ఎగ్గొడితే కారు గతేమిటో స్విట్జర్లాండ్‌లో ఎప్పుడో తేలింది. 1925 నాటి బుగాటి బ్రెషియాను, పన్ను కట్టలేదని అక్కడి కస్టమ్స్‌వాళ్లు 1930లలో మజ్జోరే సరస్సులోకి దింపేశారని చెబుతారు. 2009లో పైకి తీస్తే సగం కరిగిపోయి ఉంది. 2010 జనవరిలో పారిస్ వేలంలో 2,60,500 యూరోలు పలికింది. కొన్న అమెరికన్ మ్యూజియం దాన్ని బాగుచెయ్యలేదు, సరస్సు తిని వదిలినదాన్ని అలాగే చూపించింది. నాకు ఈ పద్ధతే నచ్చుతుంది.

కదలని కార్లు హైదరాబాదుకు కొత్త కాదని కూడా వాడికి చెప్పాను. 1967లో ముకర్రం జా ఎనిమిదో నిజాముగా గద్దెనెక్కినప్పుడు, తాతగారి నుంచి వచ్చిన గరాజుల్లో అరవై కార్లుంటే నడిచేవి నాలుగేనని విలియం డాల్‌రింపుల్ రాశాడు. పట్టాభిషేకం నుంచి తీసుకెళ్లాల్సిన లిమోజిన్ కూడా మొరాయించిందట. ఆ వారసుడికేమో దర్బారు కంటే బానెట్ కిందే ఎక్కువ ఇష్టం. చివరికి ఆస్ట్రేలియా వెళ్లిపోయి, నీలం డాంగ్రీలు తొడుక్కుని కార్లూ బుల్డోజర్లూ విప్పుకుంటూ గడిపాడు. పాపం, దావాలు ఆయన్ని అక్కడా వదల్లేదు.

"ఆయన బతికుంటే దీనికి పాట పాడేవాడా?" అడిగాడు మావాడు. ఆ జనవరిలోనే ఇస్తాంబుల్‌లో పోయాడు, తెచ్చి మక్కా మసీదులో ఖననం చేశారు.

ఇంతలో ఆ అమ్మాయి పులిహోర పళ్లెంతో వచ్చి, తెర మీద మిగిలిన ఆఖరి ఫొటో చూసి అడిగింది: "పదిహేను కోట్లు పెట్టినవాళ్లకి కనీసం తాళంచెవైనా ఇస్తారా అన్నయ్యగారూ?"

తొమ్మిది నెలలు తిరిగాయి. 2024 మేలో ఒక సాయంత్రం వాట్సాప్‌లో మావాడి మెసేజ్. ఖైరతాబాద్ ఆర్టీఏ ఫ్యాన్సీ నంబర్ల ఆన్‌లైన్ వేలంలో టీజీ 09 9999కి 25,50,002 రూపాయలు వచ్చాయన్న వార్త. కింద వాడు ఒకే లైను రాశాడు:

"బావా, ఈసారి సర్వే నంబరు ఒక్కటే అమ్మారు. ఆ చివర రెండు రూపాయలే నాకు అర్థం కాలేదు."